చేట ముందు కూర్చున్న మనిషి

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం చాలా పెద్దది: ఆధ్యాత్మిక సంప్రదాయాలలో స్త్రీలు, వారి పూనకం, వారి వైద్యం. సైబీరియా నుంచి కొరియా దాకా, అక్కడి నుంచి దక్షిణ అమెరికా అడవుల దాకా చుట్టి రావచ్చు గానీ, అలా తిరిగితే ఎక్కడా కాలు నిలవదు. నాది శ్రీకాకుళం. మా ఇంటి మేడ మీద నిలబడి చూస్తే, వాన వెలిసిన రోజున తూర్పు కనుమలు చేతికి అందేటంత దగ్గరగా కనిపిస్తాయి. ఆ కొండలలో ఉండే సవరలనే గిరిజనుల ఆడవాళ్ల గురించి ఈ సాయంత్రం ఎక్కువ సేపు మాట్లాడతాను. వారి దగ్గరికి చేరేముందు మన పల్లెలలో ఇద్దరు ముగ్గురిని పలకరించి వెళదాం.

మా నాయనమ్మ ఇంట్లో ఒక చేట ఉండేది. మిగతా చేటలతో కలపకుండా అటక మీద బోర్లించి ఉంచేవారు. మా నాన్న, మేనత్తలు, చిన్నాన్న, అందరూ పుట్టగానే మొదట పడుకున్నది ఆ చేటలోనే. బొడ్డు కోసి, కాగిన నీళ్లు చల్లార్చి స్నానం చేయించి, చేటలో పాత మెత్తటి చీర పరిచి బిడ్డను పడుకోబెట్టేది మంత్రసాని. మా ఊళ్లో ఆమె మంగలి ఇంటి ఆడపడుచు. మామూలు రోజుల్లో పెద్దింటి వాకిట్లో చెప్పుల దగ్గరే నిలబడి మాట్లాడేది. కాన్పు రోజున మాత్రం గదిలోకి ఎవరు రావాలో, ఎవరు బయటే ఉండాలో ఆమే చెప్పేది. మా తాతగారంతటి మనిషి అరుగు మీద కూర్చుని, ఆమె నోటి వెంట ఏ మాట వస్తుందా అని ఎదురు చూసేవారట. పురుడు వెళ్లాక ఆమెకు ఒక చీర, చేటెడు బియ్యం ఇచ్చి పంపేవారు. మర్నాటి నుంచి మళ్లీ చెప్పుల దగ్గరే ఆమె చోటు.

మంత్రసాని అన్న మాటను ఒకసారి నోట్లో వేసుకుని చూడండి. చేసేది కాన్పు పని, చేతికి కావలసింది ఆముదమూ వేడినీళ్లూ. అయినా భాష ఆమెను మంత్రం కలిగిన దొరసానిగా చూసింది. అదే మంత్రాన్ని ఇంకో తోకకు కట్టి మంత్రగత్తె అంటే అది తిట్టు. మాంత్రికుడు అంటే తిట్టు కాదు, కథలో భయపెట్టే పాత్ర. ఒక్క మాట నుంచి ఆడవాళ్లకు రెండు దారులు పోయాయి. ఒకటి పురిటి గదిలోకి, ఒకటి ఊరి బయటికి. చేతబడి చేసిందన్న నెపంతో ఆడవాళ్లను చెట్టుకు కట్టేసి కొట్టిన వార్తలు మనం ఇప్పటికీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. బాగు చేయగలిగిన చెయ్యి చెడుపూ చేయగలదన్న అనుమానం ఈ పనితోనే పుట్టింది, దాన్ని విడిచిపోలేదు.

రెండో మనిషి ఎరుకలసాని. బుట్ట, చేతికర్ర, సోది చెబుతానమ్మా సోది అన్న పిలుపు. ఆమె ముందు కూడా చేటే. చేటలో బియ్యం పోయించుకుని, చెయ్యి పట్టుకుని, కొండదేవతలను పేరుపేరునా తలుచుకుని చెప్పడం మొదలుపెడుతుంది. శ్రీనివాసకల్యాణం కథ మీకందరికీ తెలుసు. ఆకాశరాజు కూతురిని పెళ్లాడాలనుకున్న స్వామి ఆ ఇంటికి ఏ వేషంలో వెళ్లాడు? బ్రాహ్మణుడుగా వెళ్లలేదు, రాజదూతగా వెళ్లలేదు. ఎరుకలసాని వేషం కట్టి, పద్మావతి తల్లి ముందు కూర్చుని ఎరుక చెప్పాడు. ఆడపిల్ల మనసులోని సంగతి తల్లికి చెప్పాలంటే, తల్లి దాన్ని నమ్మాలంటే, ఆ మాట ఎరుకలసాని నోటి నుంచే రావాలని ఆ కథ అల్లిన వాళ్లకు బాగా తెలుసు. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. ఏడుకొండలవాడికే అరువు తెచ్చుకోవలసి వచ్చిన అధికారం అది.

ఆ అధికారం మీద ఆంగ్ల ప్రభుత్వం ఏం చేసిందో కూడా ఒక మాట చెప్పుకోవాలి. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు, ఎరుకలవారిని ఆ జాబితాలో చేర్చారు. గడపగడపకూ తిరిగి సోది చెప్పే ఆడది పోలీసు కంటికి ఇళ్ల ఆనుపానులు కనిపెట్టి మగవాళ్లకు చేరవేసే మనిషిలా కనిపించింది. ఆ చట్టం 1952లో పోయింది. ఆ చూపు పోయిందని నేను అనలేను.

ఇక కొండ ఎక్కుదాం. సవరలు మన శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం ప్రాంతాలలోనూ, సరిహద్దు దాటితే ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోనూ ఉన్నారు. వారి భాష ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానికి చెందినది. ఆ భాషను మొట్టమొదట పట్టుదలగా నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కట్టినవాడు మన గిడుగు రామమూర్తిగారే. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుని, వాడుక భాషా ఉద్యమం గురించి మాట్లాడి ఇళ్లకు వెళ్లిపోతాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకోవడానికి ఆయన కొండలెక్కి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు. ఆ భాషను విన్నందుకు చెవులే ఇచ్చుకున్న మనిషి ఆయన. 1931లో సవర భాషా బోధిని, ఆ తర్వాత నిఘంటువులూ అచ్చయ్యాయి. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా మాటల గురించే కనుక ఆయనను తలచుకోకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదనిపించింది.

సవర భాషలో బోయ్ అంటే ఆడమనిషి. కురాన్‌బోయ్ అంటే చచ్చిపోయినవారిని పూనకంలో పలికించే, రోగం ఎందుకు వచ్చిందో చెప్పే ఆడమనిషి. ఈ పని చేసే మగవాళ్లూ ఉన్నారు. కానీ చావుకు సంబంధించిన పెద్ద కర్మలలో, పోయినవారిని పిలిచి ఇంటివాళ్లతో మాట్లాడించే పనిలో, ఆడవాళ్లదే పెద్ద వాటా. 1940లలో ఆ కొండల్లో తిరిగి, 1955లో సవరల మతం మీద పెద్ద గ్రంథం వేసిన వెరియర్ ఎల్విన్, 1970ల మధ్య నుంచి అక్కడ ఏళ్ల తరబడి ఉండి భాష నేర్చుకున్న పియర్స్ విటెబ్‌స్కీ, ఈ ఇద్దరు మానవశాస్త్రవేత్తలూ ఈ సంగతిని వివరంగా రాశారు. ఇలా పూనకంతో అటు లోకంతో మాట్లాడే మనిషిని పుస్తకాలలో షామన్ అంటారు, ఆ మాట సైబీరియాలోని తుంగూస్ జనం భాష నుంచి లోకానికి పాకింది. మనం ఆ మాటను అరువు తెచ్చుకోకపోయినా నష్టం లేదు, కురాన్‌బోయ్ అన్నది మన పక్క కొండ మీది మాటే.

ఇంతకీ ఆమె ఏం చేస్తుంది? ఒకసారి దగ్గరగా కూర్చుని చూద్దాం.

ఒక ఇంట్లో ఎవరో పోయారు, లేదా ఎవరికో జబ్బు చేసి ఎంతకీ తగ్గడం లేదు. కురాన్‌బోయ్ వచ్చి నేల మీద కాళ్లు బారజాపుకుని కూర్చుంటుంది. ఎదురుగా దీపం ఉంటుంది, చేటలో బియ్యం ఉంటాయి, కల్లు ఉంటుంది. మన తాటికల్లు కాదు, కొండ జీలుగు చెట్టు కల్లు. కళ్లు మూసుకుని, తనకు ముందు ఆ పని చేసి పోయిన కురాన్‌బోయ్‌లను పిలుస్తూ పాట అందుకుంటుంది. ఆ పాట జంట చరణాలుగా నడుస్తుంది: ఒక చరణంలో అన్నదాన్నే తర్వాతి చరణంలో ఒకటి రెండు మాటలు మార్చి మళ్లీ అంటుంది. ఆ పాటతోనే ఆమె ప్రాణం ఒంటిని విడిచి, కొమ్మలూ కొండచరియలూ పట్టుకుని కోతి దిగినట్టు పాతాళానికి దిగిపోతుందని సవరలు చెబుతారు. పాట సన్నగిల్లి ఆగిపోతుంది. తల వాలుతుంది. కాళ్లూ చేతులూ కర్రల్లా బిగుసుకుంటాయి. చుట్టూ ఉన్నవాళ్లు తొందరపడకుండా లేచి, బిగిసిన పిడికిళ్లు విప్పి, మోచేతులూ మోకాళ్లూ వంచి సడలించి, మళ్లీ కాళ్లు చాపి కూర్చోబెడతారు. ఇది వారికి రోజువారీ పని. గాలికి ఎగిరిపోయిన తలుపు రెక్కను మళ్లీ బందులో పెట్టినంత మామూలుగా చేస్తారు.

ఆ తర్వాత ఆమె నోటి నుంచి చచ్చిపోయినవారు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మాట్లాడతారు. వారిని సోనుం అంటారు. వచ్చిన ప్రతి సోనుం ముందు కల్లు అడుగుతుంది, తాగుతుంది, తర్వాత లెక్కలు తీస్తుంది. నాకు జబ్బు చేస్తే ఎందుకు సరిగా చూడలేదు? నా మెడలోని పూసలు ఎవరి మెడలోకి వెళ్లాయి? నా పొలం ఎవరు దున్నుతున్నారు? బతికున్నవాళ్లు వింటూ ఊరుకోరు. ఎదురు చెబుతారు, బతిమాలుతారు, దబాయిస్తారు, ఏడుస్తారు, మధ్యలో నవ్వుతారు. ఒక సోనుం వెళ్లిపోతే ఇంకొకటి వస్తుంది. ఈ సంభాషణ గంటల తరబడి సాగుతుంది, ఒక్క రోజుతోనూ అయిపోదు. దహనమైన తర్వాత రాయి పాతి గేదెను బలి ఇచ్చే గువార్ అనే కర్మ, ఆ తర్వాతి ఏళ్లలో జరిగే కర్జా అనే కర్మ, మధ్యలో వచ్చిన జబ్బులూ, ప్రతి సందర్భంలోనూ పోయిన మనిషి తిరిగి వచ్చి మాట్లాడుతూనే ఉంటాడు. కొత్తలో అతడు కోపంగా ఉంటాడు. తాను ఏ బాధతో పోయాడో ఆ బాధనే తనకు ఇష్టమైనవారికి అంటిస్తాడు. ప్రేమ కొద్దీ పట్టుకుంటాడు, ఆ పట్టే జబ్బు. ఏళ్లు గడిచే కొద్దీ, మాటలు జరిగే కొద్దీ, కోపం నెమ్మదిస్తుంది. చివరికి తన పేరును పుట్టిన బిడ్డకు ఇస్తాడు, పొలంలోని గింజకు సత్తువ ఇస్తాడు. ఆపైన పాతాళంలో మరోసారి చనిపోయి సీతాకోకచిలుక అయిపోతాడు. ఇక అతడిని పిలవరు.

ఇదంతా విని వింత అనుకునేముందు మన పెద్దకర్మను తలుచుకోండి. పిండం పెట్టి కాకి కోసం చూస్తాం. కాకి ముట్టకపోతే చుట్టాలలో ఒకరు గొంతు పెంచి, నీ కూతురి పెళ్లి మేం చేస్తాం, నీ తమ్ముడిని మేం చూసుకుంటాం అని ఆకాశానికి మాట ఇస్తారు. ఏ మాటకు కాకి వాలిందో పదేళ్ల తర్వాత కూడా చెప్పుకుంటారు. మన దగ్గర కాకి తినడమో మానడమో చేస్తుంది, అంతే. సవరల దగ్గర అటువైపు నుంచి జవాబు వస్తుంది. ఆ జవాబును మోసే మనిషి కురాన్‌బోయ్.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు మాటకు వస్తాను. కురాన్‌బోయ్‌ను అడిగితే తనకేమీ తెలియదంటుంది. మాట్లాడింది తాను కాదంటుంది. ఆ సమయంలో తన ప్రాణం అక్కడ లేదు కాబట్టి ఏం జరిగిందో గుర్తు లేదంటుంది. ఊరివాళ్లూ అదే అంటారు. పుస్తకాలు రాసినవాళ్లు సైతం చాలామంది పూనకం దగ్గరే ఆగిపోయి, ఆమె కళ్లు ఎలా తిరిగాయో, ఒళ్లు ఎలా బిగిసిందో వర్ణించి సరిపెట్టారు. నాకు కనిపించేది వేరే. ఒక్క సిటింగులో పదిమంది పోయినవారు రావాలంటే ఆ పదిమంది పేర్లు, వరసలు, ఎవరు ఎలా పోయారు, ఎవరికి ఎవరి మీద కినుక ఉంది, ఎవరి భూమి ఎవరి చేతిలో ఉంది, ఇదంతా ఎవరి బుర్రలో ఉండాలి? ముసలమ్మ వస్తే ముసలమ్మలా, పసిబిడ్డ వస్తే పసిబిడ్డలా గొంతు మారాలి. చెల్లెలి చేతి నుంచి పూసలు లాక్కోవాలనుకున్న అన్నను నలుగురి ముందూ ఎంత నొప్పించాలో, ఎక్కడ ఆపాలో తెలియాలి. తగవు తీర్చాలి గానీ పెంచకూడదు. కొడుకు ఏడవలేక కూర్చుని ఉంటే అతడి చేత ఏడిపించాలి. ఇది చదువు. రాయని చదువు. దాన్ని ఆమె పాతాళం ఖాతాలో జమ చేస్తుంది, మనమూ మారు మాట్లాడకుండా ఆ ఖాతాలోనే ఉంచేస్తాం.

ఆ చదువు ఎలా అబ్బుతుందో కూడా వారి కథలోనే దాగి ఉంది. ఎల్విన్ రాసినదాని ప్రకారం, ఆడపిల్లకు కలలో పాతాళపు వరుడు కనిపిస్తాడు, పెళ్లి చేసుకోమంటాడు. పిల్ల వద్దంటుంది. వద్దన్న కొద్దీ జబ్బు పడుతుంది, మతి చెడినట్టు తిరుగుతుంది. చివరికి పెద్దవాళ్లు ఆ పెళ్లి జరిపిస్తారు, జబ్బు తగ్గుతుంది. ఆమెకు అక్కడ పిల్లలు పుడతారు. అర్ధరాత్రి ఇల్లంతా నిద్రపోయాక ఆ భర్త పాలు ఇప్పించడానికి బిడ్డను ఎత్తుకుని వస్తాడు. దానితోపాటు ఇక్కడ మామూలు సవర యువకుడితో మామూలు పెళ్లీ జరుగుతుంది, కాపురమూ సాగుతుంది. ఒక పెళ్లికి ఇంకో పెళ్లి అడ్డం కాదు. విటెబ్‌స్కీ ఇంకో ఆసక్తికరమైన సంగతి గమనించాడు. ఈ పని చాలాసార్లు మేనత్త నుంచి మేనకోడలికి వస్తుంది, మేనకోడలు పాతాళంలో పెళ్లాడేది ఆ మేనత్తకు అక్కడ పుట్టిన కొడుకును. సవరలలో మేనరికం తప్పు. మరి పాతాళంలో ఎలా కుదిరింది? అక్కడి భర్తలు సవరలు కారు, మైదానపు రాజుల వంటివారు, క్షత్రియుల వంటివారు, అందుకే వారికి మైదానపు ఆచారం. మేనరికం అనగానే మన తెలుగు ఇళ్లు గుర్తుకు రాక మానవు.

ఈ కథ లోపలి గింజను ఒలిచి చూడండి. చిన్నపిల్ల మేనత్త వెంట తిరుగుతుంది. ఆమె పక్కన కూర్చుని ఎన్నో పాటలు వింటుంది, ఎన్నో ఇళ్ల గుట్టు వింటుంది. శిష్యరికం అంటే ఇంతకంటే ఏముంది? మగపిల్లవాడు గురువు దగ్గర పన్నెండేళ్లు ఉంటే విద్య అన్నాం. ఆడపిల్ల మేనత్త దగ్గర పన్నెండేళ్లు ఉంటే పూనకం అన్నాం.

పూనకం అనడంలో ఆమెకు లాభం లేకపోలేదు. ఊరి పెద్ద ముఖం మీద అతడి తప్పు చెప్పగలగడం మామూలు ఆడమనిషికి సాధ్యమా? చెప్పింది నీ అబ్బ, నేను కాదు, అని కల్లు కడవ పక్కకు జరిపి లేచిపోవచ్చు. ఆ ఏర్పాటులో రక్షణ ఉంది. కానీ లేచిన మరుక్షణం ఆ అధికారం కూడా పాతాళానికి దిగిపోతుంది.

మైదానంలోనూ ఇదే లెక్క. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు, సోమవారం, రంగం జరుగుతుంది. 1813లో కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో మొక్కుకున్న సురిటి అప్పయ్య తిరిగి వచ్చి అమ్మవారిని నిలిపాడని గుడి చరిత్ర చెబుతుంది. అంటే అది పుట్టింది ఒక అంటువ్యాధి నుంచి, కోరింది ఆరోగ్యం. రంగం నాడు ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి, అమ్మవారి వైపు చూస్తూ వానలు ఎలా పడతాయో, రోగాలు ఎలా ఉంటాయో చెబుతుంది. కాల్చని కుండ మీద మనిషి నిలబడడం ఎంత కష్టమో ఇంట్లో ఎవరూ పరీక్షించవద్దు. మంత్రులూ అధికారులూ చేతులు కట్టుకుని వింటారు, నీకేం లోటు చేశామమ్మా అని పూజారి అడుగుతాడు, ఆమె గద్దిస్తుంది. టీవీలలో అదే రోజంతా నడుస్తుంది. మంగళవారం నాటి వార్తలో ఆమె ఉండదు.

మాతంగి, జోగిని, శివసత్తి అని దేవుడికి విడిచిన ఆడవాళ్లకు పెట్టిన పేర్లు వింటే మాత్రం నాకు ఇంత నిదానంగా మాట్లాడడం చేతకాదు. జాతరలో అలాంటి ఆడమనిషి నోటి ఎంగిలి మీద పడితే పుణ్యం అనుకున్న ఊరే, ఆమెను చిన్నతనంలో దేవుడికి విడిచిపెట్టి, ఊరి మగవాళ్లకు అందుబాటు వస్తువుగా చేసింది. పైగా అలా విడిచిపెట్టింది ఎక్కువగా దళితుల ఆడపిల్లలనే. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ అర్పణను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. స్త్రీ శక్తి, మాతృదేవత అంటూ ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఈ ఊళ్లకు వెళ్లి ఆ ఆడవాళ్లతో ఒక పూట కూర్చుంటే బాగుంటుంది. దేవత మాట్లాడింది అన్నప్పుడు ఆడదానికి దక్కిన చోటు ఎంత ఇరుకో వాళ్లు చెబుతారు.

మళ్లీ కొండ మీదికి వెళదాం, అక్కడ జరిగిన మార్పు చెప్పి ముగిస్తాను. విటెబ్‌స్కీ మొదట వెళ్లిన 1970లలో పెద్దలందరూ సోనుంలతో మాట్లాడుతూనే ఉన్నారు. ఒకటి రెండు తరాలు తిరిగేసరికి కుర్రవాళ్లు అధిక సంఖ్యలో బాప్టిస్టు క్రైస్తవులయ్యారు, కొందరు హిందూ పద్ధతుల వైపు వెళ్లారు. గజపతి జిల్లాలోని సెరంగోలో కెనడా బాప్టిస్టు మిషనరీలు పెట్టిన స్థావరం, బడులు, ఆస్పత్రి ఈ మార్పుకు ఊతం. దీన్ని మిషనరీలు మోసం చేశారని ఒక్క మాటలో తేల్చేవాళ్లున్నారు, వారితో నాకు పొత్తు కుదరదు. ప్రతి జబ్బుకీ కోడినో మేకనో గేదెనో బలి ఇవ్వాలంటే అప్పు చేయాలి, అప్పు ఇచ్చేవాడు మైదానపు వ్యాపారి, వడ్డీకి పోయేది కొండవాడి పొలం. చదువుకున్న కుర్రవాడికి ఆ లెక్క అర్థమైంది. మాత్ర మింగితే తగ్గే జ్వరానికి గేదె ఎందుకని అడిగాడు. అడగడం తప్పు కాదు.

కానీ ఇంకో లెక్క కూడా ఉంది. చర్చిలో పాస్టర్లు మగవాళ్లు, అందులోనూ చదువుకున్న కుర్రవాళ్లు. చచ్చిపోయినవారు పరలోకానికి వెళ్లిపోతారు, వెళ్లినవారు తిరిగి మాట్లాడరు. కురాన్‌బోయ్‌కు పని లేకుండా పోయింది. ఆమె పోవడంతో, ఆడవాళ్లు ఊరి నడుమ కూర్చుని నలుగురి తగవూ తీర్చిన పదవి కూడా పోయింది. దాని బదులు మరొక పదవి వారికి రాలేదు.

మైదానంలో మంత్రసానికి జరిగింది కూడా ఇలాంటిదే, అయితే అక్కడ వాదం ఇంకాస్త తేలిక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 96కు పైగా కాన్పులు ఆస్పత్రులలోనే జరుగుతున్నాయి. మా నాయనమ్మకు ఇద్దరు బిడ్డలు ఆ చేటలో పడుకున్న వారంలోపే పోయారు. ఆ చేటను తలుచుకుని నేను కన్నీళ్లు పెట్టుకోను. ఆస్పత్రి గదిలో నొప్పులు పడుతున్న పిల్ల పక్కన చెయ్యి పట్టుకుని కూర్చునే మనిషిని ఎందుకు ఉంచలేకపోయామని మాత్రం అడుగుతాను.

ఇక సవర బొమ్మల సంగతి. ఎర్రమట్టి గోడ మీద బియ్యపుపిండితో గీసిన సన్నటి మనుషులు, గుర్రాలు, ఏనుగులు, ఆ తర్వాతి కాలంలో సైకిళ్లు, విమానాలు. ఇప్పుడు చీరల మీదా, బ్యాగుల మీదా, ఆఫీసు గోడల మీదా కనిపిస్తున్నాయి. అది మొదట అలంకారం కాదు. ఆ బొమ్మ ఒక సోనుం ఉండడానికి కట్టిన ఇల్లు. జబ్బు ఎందుకు వచ్చిందో తెలుసుకున్నాక, ఆ సోనుంకు ఏం కావాలో కురాన్‌బోయ్ చెబితే, చిత్రకారుడు అది గీసేవాడు. గుర్రం కావాలంటే గుర్రం, బంట్రోతు కావాలంటే బంట్రోతు. గీసినవాడి పేరు ఇప్పుడు ప్రదర్శనలలో రాస్తున్నారు, సంతోషం. ఏం గీయాలో చెప్పినావిడ పేరు ఏ కాగితం మీదా లేదు.

కొన్నేళ్ల కిందట పర్లాకిమిడి దాటి కొండ మీది ఒక ఊరికి వెళ్లాను. తోడు వచ్చిన మాష్టారు ఒక ముసలమ్మ ఇంటికి తీసుకెళ్లారు. ఆమె మేనత్త కురాన్‌బోయ్. ఈమె చిన్నప్పుడు ఆ మేనత్త వెంట ఊళ్లు తిరిగింది, కానీ పెళ్లయ్యాక చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది. మీ అత్త దగ్గర ఏం నేర్చుకున్నావమ్మా అని అడిగాను. మాష్టారు సవరలో అడిగి, జవాబు తెలుగులో చెప్పారు: నేర్చుకునేదేముంది, దీపంలో నూనె పోసేదాన్ని, అంతే. కాసేపటికి మాటల్లో, ఆ ఊళ్లో ఇరవై ముప్పై ఏళ్ల కిందట పోయినవాళ్లను వరుసగా చెప్పుకుంటూ పోయింది. ఎవరు ఎలా పోయారో, ఎవరికి ఎవరు బాకీ పడ్డారో, ఏ రాయి ఎవరి పేర పాతారో. మాష్టారు తెలుగులో చెప్పడం ఆపేసి ఊరికే వింటూ ఉండిపోయారు. ఆ అత్త చేట ఏమైందని అడిగాను. చెద తినేసిందట. ఈమె మాట ఆపకుండానే గుమ్మంలో కొత్త చేట ముందేసుకుని, రాత్రి వంటకు బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది.